ఇంటి వెలిగోడల వన్నెలు

నేడు నూతనగృహము కట్టించుకొన్న గృహస్థుడు, గోడపూతలు ఆరి, తలుపులకు గడియలు బిగించిన పిమ్మట, రంగుల దుకాణమునకు పోయి, వేయికి మించిన ఛాయలను వరుసగా అచ్చొత్తిన పట్టీని చేతబట్టుకొని, ఇంటి వెలిగోడలకు ఏ వన్నె వేయింపవలెనని భార్యతోడను బిడ్డలతోడను మేస్త్రీతోడను దినములకొలది తర్కించుట మనము నిత్యము చూచుచున్న విషయమే. ఆతని పితామహునికి ఈ చింత లేదు. ఆయన గోడకు తెలిసిన తెలుపు సున్నము. అరుగునకు తెలిసిన ఎరుపు జాజు. గడపకు తెలిసిన పచ్చదనము వంటింటి పసుపు. వెనుకటి ఊళ్లలో వీధి యంతయు ఒక్క చేతి పూతగా కనబడుటను జూచి కొందరు దానిని దారిద్ర్యమనియు, మరికొందరు రసజ్ఞత యనియు చెప్పుదురు. నాకు మాత్రము ఆ యేకరూపతకు మూలము వేరొకటి యని తోచుచున్నది. ఏ మట్టి ఏ గోడమీద నిలుచును, ఏ వన్నె ఎండకు వెలిసిపోవును, ఏది తొలకరి వానకే కరిగి కాలువపాలగును అను విషయమును మన పూర్వులు తరతరముల అనుభవముచేత ఎరిగియుండిరి. ఆ యెరుకయే వీధికి వన్నె నిర్ణయించెను. అది ఎట్లు ఏర్పడెనో, ఎట్లు మరుగుపడెనో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

తెలుగుదేశమునకు సున్నపురాతి కొరత ఏనాడును లేదు. అమరావతి శిల్పులు ఉలి పట్టిన పలనాటి రాయి, కడప కర్నూలు మండలముల ఇండ్లకు నేలయు కప్పును అయిన నాపరాయి, తెలంగాణమునందలి తాండూరు బండ, ఇవి యన్నియు సున్నపురాతి జాతులే. రాయి దొరకని తీరప్రాంతమునందు ఆ లోటును జలచరములు తీర్చెను. సముద్రపుటొడ్డునను, పులికాటు సరస్సునందును, ఉప్పుటేరుల అడుగునను పేరుకొన్న గుల్లలను ఏరి తెచ్చి కాల్చగా వచ్చిన గుల్లసున్నము రాతిసున్నముకంటె మిగుల తెల్లనిదని పేరు పొందెను. రాతినైనను గుల్లనైనను బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినప్పుడు 100 పాళ్ల బరువులో 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోయి, 56 పాళ్ల పొడిసున్నము మిగులును. ఆ గడ్డలను కాగులో వేసి నీరు పోయగా అవి బుసబుస పొంగి, సలసల క్రాగి, పగిలి, తుదకు వెన్నవంటి ముద్దగా విరియును. ఆ ముద్దను పలుచన చేసి, గుడ్డతో వడియగట్టి, గోడకు పూసినప్పుడు తొలుత అది మసకగా, ఉన్నదో లేదో యన్నట్లు కనబడును; ఆరినకొలది తెల్లనగును. బట్టీలో తాను విడిచిన వాయువునే గాలినుండి మరల గ్రహించి ఆ పూత దినదినమును రాయిగా మారుటయే దీనికి కారణము. గోడమీది సున్నము పైకి అంటించిన పొర కాదు. అది గోడతో కలిసి గడ్డకట్టిన పలుచని శిల. దాని గుణములన్నియు ఈ ఒక్క ధర్మమునుండి పుట్టినవే.

రాయిగా మారుటకు దానికి తడి కావలెను. కనుకనే మంచి పనివాడు గోడను ముందుగా నీటితో తడిపి, ఎండ ముదరకమునుపే పూత ముగించి, ఒకే దళసరి పూతకు మారుగా రెండు మూడు పలుచని పూతలు వేయును. ఎండిన గోడమీద మిట్టమధ్యాహ్నము తొందరపడి కొట్టిన సున్నము చేతికి పొడిగా అంటుకొనును. గోడ నానుకొన్నవాని వీపునకు అంటు సున్నమును జూచి సున్నమునే నిందించుట పరిపాటియైనది గాని, ఆ దోషము ఆ సున్నమును కొట్టిన తొందరదే. పూత పట్టు కొరకు గంజియో తుమ్మబంకయో బెల్లపునీరో కొలదిగా కలుపుట పలుచోట్ల వాడుక. ఈ పనిలో నున్న క్లేశమును గూర్చియు చెప్పవలసియున్నది. విరియుచున్న సున్నము కంటిలో పడినచో చూపునకే ముప్పు. చేతులకు నూనె పూసికొని పనికి దిగినను వ్రేళ్ల సందులు ఒరసి పుండ్లు పడును. మన వీధుల ధావళ్యమును వర్ణించువారు ఆ చేతులను ఏనాడును తలపరైరి.

ఈ విద్య మన నేలమీద ఎంత ప్రాచీనమైనదో తెలియుటకు నాగార్జునకొండయే చాలును. 1926లో వెలుగుచూచి, తరువాతి సంవత్సరములలో త్రవ్వబడిన ఆ ఇక్ష్వాకుల రాజధానిలో ఇటుకతో కట్టిన స్తూపములకు సున్నపుపూత ఉండినట్లు పరిశోధకులు గుర్తించిరి. హైదరాబాదునందు 1591లో లేచిన చార్మినారు సున్నపుగచ్చు పనితనమునకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది; ఎద్దులు త్రిప్పెడి గానుగలో ఇసుకతో కలిపి నూరిన ఆ సున్నమును తెలంగాణమున డంగుసున్నమందురు. ఇక చెన్నపట్టణపు గుల్లసున్నపు పూత పదునెనిమిదవ శతాబ్దమునాటికే విదేశీయుల నోళ్లలో పడినది. మూడు పూతలుగా వేసి, కడపటి పూతలో కోడిగ్రుడ్డు తెల్లసొనయు, నేయియు, పెరుగును చేర్చి, నున్నని రాతితో గంటలకొలది రుద్దగా గోడ చలువరాతివలె మెరసెడిదట. ఓడలలో వచ్చిన పాశ్చాత్యులు దూరమునుండి చూచి, పాలరాతి మేడలని భ్రమించినట్లు వ్రాసికొనిరి. అయితే ఈ మెరుపు సంపన్నుల సొత్తు. సామాన్యుని యింటికి పండుగకొక మారు కొట్టెడి వెల్లయే గతి. దానిలోనే అతని ఆరోగ్యమును, అలంకారమును, చలువయు ఇమిడియుండెను. క్రొత్త సున్నమునందలి క్షారగుణముచేత బూజును పురుగును తొలగును. ఎండను త్రిప్పికొట్టెడి తెలుపుచేత మే మాసపు మధ్యాహ్నమునందును లోపలిగది కొంత సహింపదగియుండును. గోడలోని చెమ్మ పూతగుండ వెలికి పోవును గాన మట్టిగోడ లోలోపల కుళ్లదు.

సున్నము కొనలేని యింటికి మట్టియే పూత. పుట్టమన్నును పేడను కలిపి అలికిన గోడ, దానిపై జాజు, ఆ జాజుమీద బియ్యపుపిండితోనో సుద్దతోనో దిద్దిన ముగ్గు, ఇదియంతయు స్త్రీల చేతిపని. గ్రంథస్థము కాని చిత్రకళ యేదైనను మనకు ఉన్నచో అది ఇదియే యని నా విశ్వాసము. జాజనగా ఇనుపతుప్పు కలిసిన మన్ను. అదే యినుము నీటితో కూడి వేరొక రూపము దాల్చినప్పుడు పసుపుమన్నగును. పూర్వపు కర్నూలు మండలమునందలి బేతంచెర్ల ప్రాంతమున ఇట్టి పసుపుమన్ను నేటికిని గనులనుండి త్రవ్వబడుచున్నది. దానిని కాల్చినచో నీరు విడిచి ఎర్రనగును. ఒక్క గనినుండియే పసుపును ఎరుపును తీయవచ్చునన్నమాట. శ్రీకాకుళపు కొండలలోను, వానికి ఉత్తరమున ఒరిస్సా కొండలలోను నివసించు సవరలు ఎర్రమన్ను పూసిన గోడమీద తెల్లని పిండితో తమ దేవతలకును పితరులకును చిత్రగృహములు లిఖింతురు. వెరియర్ ఎల్విను 1951లో ప్రకటించిన మధ్యభారత గిరిజన కళా గ్రంథమువలన అవి లోకమునకు తెలియవచ్చినవి. ఆ చిత్రములు ఇంటి లోపలివే యైనను, ఎరుపుమీద తెలుపు అను వర్ణమైత్రి మైదానపు పల్లెల అరుగులమీదను, గుడి ప్రాకారముల నిలువుపట్టెలలోను గోచరించుచునే యున్నది. ఊరికి క్రొత్తయైన బాటసారి ఆ పట్టెలను జూచియే, అడుగకుండ, దేవాలయపు గోడను గుర్తించును. పెండ్లి నిశ్చయమైన యింట ముందుగా వెల్ల వేయించి, వీధిగోడమీద శ్రీరస్తు శుభమస్తు అని వధూవరుల పేర్లతో జాజుతో వ్రాయించుటయు ఈ రెండు వన్నెల సంప్రదాయమే. పెండ్లి జరిగి ఏడాది తిరిగినను, రెండు వానకాలములు గడచినను ఆ యక్షరములు మిగిలి యుండుట నేనెరుగుదును.

ఇన్ని వన్నెలు లోకమున నుండగా మన గోడలకు ఈ రెండు మూడే ఏల దక్కెనని చదువరి అడుగవచ్చును. సమాధానము సున్నములోనే యున్నది. క్షారగుణము మిక్కుటమైన ఆ పూతలో బ్రతుకగల రంగులు మిక్కిలి కొద్ది. పూలనుండియు చెక్కలనుండియు తీసిన రంగులు, వస్త్రమునకు ఎంత శోభ నిచ్చునవి యైనను, సున్నమున కలిపినచో రూపుమాయును, లేక ఎండకు వెలిసిపోవును. పదునెనిమిదవ శతాబ్దారంభమున బెర్లినునందు పుట్టి, చిత్రకారులను మురిపించిన ప్రష్యను నీలము సున్నపుగోడమీద గోధుమవన్నెకు దిగజారును. పందొమ్మిదవ శతాబ్దమున ప్రబలిన సీసపు క్రోమము పసుపు, అదే గోడమీద ఎరుపు తిరుగును. మన్నునుండి వచ్చిన ఎరుపు, పసుపు, నలుపు మాత్రము ఎన్నియేండ్లకును చెక్కుచెదరవు. అజంతా గుహలలోను, పదునారవ శతాబ్దపు లేపాక్షి కప్పుమీదను మన కన్నులకు నేటికిని కనబడుచున్నవి ప్రధానముగా ఈ మట్టిరంగులే. చిత్రకారుడు ఏ వన్నెలను నమ్మెనో, పల్లెలోని యిల్లాలును ఆ వన్నెలనే నమ్మెను.

నీలము సంగతి వేరు. సున్నమునందలి సహజమైన పసుపుజీర పోవుటకు ఒక చిటికెడు నీలిమందు కలుపుట చిరకాలపు వాడుక. చాకలి తెల్లబట్టకు నీలి పెట్టుటయు ఇదే సూత్రముచేతనే. కడప, నెల్లూరు, కర్నూలు మండలములు నీలిపంటకు ఒకప్పుడు ప్రసిద్ధములు. 1897లో జర్మనీదేశపు కర్మాగారము కృత్రిమ నీలిని విపణికి పంపిన పిదప ఆ పంట క్రమముగా క్షీణించి, నీలి తొట్లు పాడుపడినవి. కాని గోడకు సంబంధించినంతవరకు అంతకు పూర్వమే వేరొక నీలము రంగప్రవేశము చేసియుండెను. బంగారముతో తులతూగు వెలగల రాజవర్తపు రాతిపొడికి మారుగా 1828 ప్రాంతమున ఫ్రాన్సునందు గిమే, జర్మనీయందు గ్మెలిన్ వేర్వేరుగా కనుగొన్న కృత్రిమ నీలము చవుకయైనది. పైగా సున్నమున చెడనిది. ఆ పొట్లము పచారీ దుకాణముదాక దిగివచ్చిన నాటినుండి మన సున్నపుగోడలు లేతనీలపు ఛాయ దాల్చజొచ్చినవి. తెలుపు కొంచెము నీలమైనచో మరింత తెలుపుగా కన్నునకు తోచును. కొందరికి ఆ నీలము చాలదనిపించి, పొట్లములు పొట్లములుగా కలిపి గోడనంతటిని ఆకాశపువన్నె చేసిరి. సామాన్య గృహస్థు తన యింటి వన్నెను తానై యెంచుకొనుట తొలిసారిగా ఇక్కడనే మొదలైనదని నేను తలచెదను.

ఆంగ్లపాలన కాలమున గోడరంగు ప్రభుత్వ విషయమును అయినది. జయపురమునందు 1876లో వేల్సు రాజకుమారుని రాకకై మహారాజు రామసింగు నగరమునకెల్ల గైరికవర్ణము వేయించిన వృత్తాంతము ప్రసిద్ధము. మన పట్టణములకు అట్టి రాజాజ్ఞ ఏదియు లేదు గాని, 1896లో బొంబాయియందు ప్లేగు ప్రబలిన పిదప, రోగము సోకిన యిండ్లకు సున్నము కొట్టించుట ఆరోగ్యాధికారుల విధులలో చేరి, అప్పటివరకు పండుగపని యైన వెల్ల పురపాలకుల పనియు అయినది. ఈ కాలముననే అవిసెనూనెతో కలిపిన రంగులు డబ్బాలలో దిగుమతియై తలుపులకును కిటికీరెక్కలకును ఎక్కినవి. తెల్లగోడలో ఆకుపచ్చని కిటికీ యను వర్ణసంయోగము, గోదావరి మండలపు లోగిళ్లనుండి రైల్వేవారి బంగళాలవరకు ఎల్లెడల వ్యాపించినది. నా దృష్టిలో మన ఎండకు అంతకంటె హితమైన జంట వేరొకటి లేదు. 1902లో కలకత్తా చెంత షాలిమారు రంగుల కర్మాగారము నెలకొన్న పిదపను నూనెరంగు కొయ్యకును ఇనుమునకును పరిమితమై యుండెను. తడి నిండిన సున్నపుగోడ దానిని భరింపదు.

ఆ గోడ మారినప్పుడే రంగును మారినది. 1904లో చెన్నపట్టణమున గుల్లలనుండి సిమెంటు చేయబూనిన తొలి ప్రయత్నము నిలువలేదు. 1914లో పోరుబందరునందు ఆ పరిశ్రమ పాదుకొన్నది. 1936లో ఆంధ్ర సిమెంటు కంపెనీ ఏర్పడి బెజవాడ సిమెంటు మన యిండ్లకు చేరువయైనది. సిమెంటు గచ్చు కఠినము, దట్టము. దానికి తగిన పూతగా సిమెంటుతోనే చేసిన పొడిరంగు వచ్చినది. స్నోసెం అను వ్యాపారనామము పల్లెలలో సైతము ఆ జాతి రంగులకెల్ల పేరై స్థిరపడినది. నీట కలిపి పూసి, మూడునాలుగు దినములు నీరు చల్లి పదును పెట్టవలసిన ఆ రంగు, సున్నముకంటె వానకు ఎక్కువ ఓర్చుకొనెడిది. గోపీచందనపు ఛాయ, లేతాకుపచ్చ, గులాబి వన్నెలు వీధిలోనికి వచ్చినది దానితోడనే. రెండవ ప్రపంచయుద్ధకాలమున దిగుమతులు నిలిచిపోగా 1942లో బొంబాయియందు నలుగురు మిత్రులు ఆరంభించిన ఏషియన్ పెయింట్స్ వంటి స్వదేశసంస్థలు రంగుడబ్బాను చిన్న ఊళ్ల దుకాణమునకు చేర్చినవి.

ఇంతలో రసాయనశాస్త్రము సున్నపు నిషేధమును తొలగించినది. 1935లో ఇంగ్లండునందు విక్రయమునకు వచ్చిన థాలోసైనిన్ నీలమును, దాని వెంట వచ్చిన ఆకుపచ్చయు ఎండకు గాని క్షారమునకు గాని లొంగని వన్నెలు. విషపూరితమైన సీసపు తెలుపునకు మారుగా టైటానియము తెలుపు వచ్చినది. దానికి మూలమైన నల్లయిసుక తిరువాంకూరు తీరముననే కాక మన భీమునిపట్నపు ఒడ్డునను గుట్టలుగా నున్నది. తిరువనంతపురమున ఆ తెలుపు చేయు కర్మాగారము 1946లో స్థాపితమైనది. 1953లో అమెరికాయందు అక్రిలిక్ జిగురును నీటిలో కలిపిన పూత వెలువడగా, నేటి ఎమల్షనులకు దారి ఏర్పడినది. దుకాణములోని యంత్రము ఒకే తెల్లని ముద్దలో కొన్ని బొట్లు వన్నెలను రాల్చి వేయి ఛాయలు కల్పించుట ఈ మార్పులన్నిటి ఫలము. పూర్వపు కడప మండలపు మంగంపేట ముగ్గురాయి వంటి ఖనిజములు రంగులకు పూరకములుగా ఉపయోగపడుచుండుటచేత, ఈ క్రొత్త పూతలలోను మన నేల పాలు లేకపోలేదు.

క్రొత్త వన్నెలను నేను ద్వేషింపను. సున్నపుమడ్డిలో చేతులు కాల్చుకొనకుండ, ఏటేట మరల కొట్టనక్కరలేకుండ, తన యింటిని తనకిష్టమైన వన్నెతో చూచుకొనుట సామాన్యునకు లభించిన గొప్ప స్వేచ్ఛయే. కాని పట్టీలోని వ్రేలెడు ఛాయను జూచి రెండంతస్తుల గోడకు రంగు నిర్ణయించుట ప్రమాదకరము. చిన్నతునుకలో లేతగా నున్న వన్నె విశాలమైన గోడమీద, మన యెండలో, ఇబ్బడిగా చెలరేగును. ముదురువన్నె వేడిమిని త్రాగును. పడమటిగోడకు వేసినచో రాత్రి పొద్దుపోవువరకు గది చల్లబడదు. పాత సున్నపుగోడమీద చెమ్మ వెడలనీయని పూత వేసినచో మూడేండ్లు తిరుగకమునుపే బొబ్బలెత్తి, గచ్చుతో సహా రాలును. పొరలు గీకించి మరల సున్నమునకు తిరిగిన యిండ్లను నేను అనేకము చూచితిని. కనుక ఏ యింటికైనను ముందుగా గోడ దేనితో కట్టబడినదో, అది ఏ దిక్కునకు తిరిగియున్నదో విచారించి, ఎంచుకొన్న వన్నెను ఎండ పడుచోట చాపంత మేర పూయించి, ఉదయమును సాయంకాలమును చూచి, అటుపిమ్మట నిర్ణయించుట యుక్తము. తెలుపు, మట్టిపసుపు, జాజు మన వెలుతురున ఎన్నటికిని ఎబ్బెట్టుగా కనబడవు. ఇంటి చుట్టు నున్న నేలయు అదే వన్నె గావున.

వెనుకటి తెలుపునకు నేడు ఒక ప్రక్కనుండి మరల గౌరవము వచ్చుచున్నది. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన శీతలకప్పుల విధానము, నగరములందలి వేడిమిని తగ్గించుటకై డాబాలమీద ఎండను మరలించు పూతలు వేయవలెనని ప్రోత్సహించుచున్నది. రాయలసీమలో మిద్దెకు వెల్ల కొట్టించిన ముదుసలులకు ఇది వింతగా తోపదు. గోలకొండ చెంతనున్న కుతుబుషాహీ సమాధులయందు 2013లో ఆగాఖాను సంస్థవారి పూనికతో ఆరంభమైన జీర్ణోద్ధరణలో, ఇరువదవ శతాబ్దమున వేసిన సిమెంటు పూతను ఊడదీసి, దాని స్థానమున మరల సున్నపుగచ్చు పూయించిరి. ఆ పనికి యంత్రముకంటె ముందుగా కావలసివచ్చినది సున్నము నానుటకు వ్యవధియు, బెల్లము, కరక్కాయ, మారేడుగుజ్జు ఏ పాళ్లలో కలుపవలెనో ఎరిగిన పనివారును. అట్టివారు ఇప్పుడు అరుదు. పిడుగురాళ్ల బట్టీలు మండుచునే యున్నవి గాని, నేటి సున్నమునకు పంచదార, కాగితము, ఉక్కు పరిశ్రమలే పెద్ద బేరగాండ్రు. గోడకు పూయించుకొనుటకై సున్నము కోరువాడు మేస్త్రీని వెదకుకొనుటలోనే సంక్రాంతి దాటిపోవుచున్నది. పాత లోగిలిని నిలుపుకొనదలచిన గృహస్థులు భాద్రపదముననే అట్టి మేస్త్రీకి బయానా ఇచ్చి, పెరటిలో గొయ్యి త్రవ్వించి, సున్నమును నాననిడుదురు.